చెనక్కాయ చేనికి మంచె కట్టుకునే పద్ధతి

విత్తనం మొలిచి నాలుగాకులు వేసిందంటే చాలు, మా కర్నూలు జిల్లా ఆలూరు, పత్తికొండ వైపు జింకలు మందలుగా దిగుతాయి. పొద్దున్నే ఒకసారి, ఎండ తగ్గాక ఇంకోసారి. కాయ ఊరేసరికి రాత్రిళ్లు అడవిపందుల వంతు. ఈ రెంటికీ చేని గట్టు మీద కూర్చుని కాపలా కాస్తే చేను సగం కూడా కనపడదు, అందుకే మంచె.

మంచె అనగానే వేటకా అని అడుగుతారు కొందరు. కాదు. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు, 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది, చంపితే 3 నుంచి 7 ఏళ్లు జైలు. కంచెకు కరెంటు పెట్టే పని అసలే వద్దు, దాంట్లో జింక కన్నా ముందు మనిషే పడతాడు. మనది తోలే పని, అంతే.

ముందు చెట్టు చూసుకోండి. గట్టు మీద ముదురు వేపగానీ చింతగానీ ఉంటే అదృష్టం. మునగ, సుబాబుల్ పనికిరావు, పుటుక్కున విరుగుతాయి. పైన ఎండిన కొమ్మ ఉంటే ముందే కొట్టేయండి, తేనెపట్టు ఉందేమో పగలే చూసుకోండి. ఎత్తు తొమ్మిది పది అడుగులు చాలు, ఇంకా పైకి పోతే ఊగడం తప్ప లాభం లేదు.

నేను మొదటిసారి చేసిన తప్పు చెప్తా. రెండు వేపచెట్ల మధ్య దూలాలు పెట్టి రెండు వైపులా ఆరంగుళాల మేకులు దిగ్గొట్టా. గట్టిగా ఉందని మురిసిపోయా. ఆషాఢం గాలి మొదలయ్యాక ఒక చెట్టు ఇటు ఊగితే ఇంకోటి అటు ఊగి, వారంలో మేకులు పళ్లూడినట్టు ఊడొచ్చాయి. నేను కింద టీ తాగుతున్నా కాబట్టి సరిపోయింది. అప్పుడు నాయన చూపించిన పద్ధతే ఇప్పుడు చెప్పేది: ఒక వైపు చెట్టు, రెండో వైపు రెండు గుంజలు, చెట్టు వైపు కట్టు మాత్రం కొంచెం ఆడేలా ఉండాలి.

గుంజలకు తుమ్మ గానీ సరుగుడు గానీ తీసుకోండి, పైన పంగ ఉన్నవైతే దూలం అందులోనే కూర్చుంటుంది. గుంత ఎర్రనేలలో రెండున్నర అడుగులు, నల్లరేగడిలో మూడుకు తగ్గకూడదు, ఎందుకంటే రేగడి ఎండితే నోరు తెరుస్తుంది, గుంజ వదులైపోతుంది. అందుకే రేగడిలో తీసిన మట్టినే పూడ్చకుండా గరుసు పోసి, నీళ్లు చల్లి, గడ్డపార మొదలుతో పొరపొరగా దంచాలి. నేలలో దిగే భాగానికి ట్రాక్టరులో తీసేసిన పాత ఇంజనాయిల్ రెండు పూతలు పూయండి, చెదలు కొంతకాలం దూరంగా ఉంటాయి.

చెట్టు వైపు దూలాన్ని బలమైన కొమ్మ పంగలో ఆనించి మోకుతో కట్టండి. తీగతో బిగిస్తే బెరడు తెగి కొమ్మ చస్తుంది. మధ్యలో పాత సైకిల్ ట్యూబు ముక్క పెడితే తాడు జారదు, చెట్టూ ఒరుసుకుపోదు. కిత్తనార తాడు పట్టు బాగుంటుంది కానీ వానకు కుళ్లుతుంది. నైలాన్ ముడి జారుతుంది, కాబట్టి కొస జానెడు వదిలి రెండో ముడి వేయండి. దూలాల మీద అడుగున్నరకో వాసం, వాటి మీద పలకలు, మధ్యలో వేలు పట్టేంత సందు వదలండి, లేకపోతే వాన నీళ్లు నిలుస్తాయి. ఐదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉంటే ఒక మనిషి కాళ్లు ముడుచుకుని పడుకోవచ్చు.

ఇక అందరూ ఎగ్గొట్టేది పిట్టగోడ లాంటి అడ్డకర్రలు. అర్ధరాత్రి రెండు గంటలకు కునుకు రాని మగాడు లేడు, ఎంత టీ తాగినా. మూడు వైపులా మూడడుగుల ఎత్తున అడ్డకర్రలు కట్టాల్సిందే, రాత్రి కూర్చునేవాళ్లు నడుముకో తాడు చుట్టుకుని కొస చెట్టుకు కట్టుకోవాలి. నవ్వేవాళ్లు నవ్వనీ. నిచ్చెన మెట్లు అడుగుకొకటి. టార్చి, నీళ్ల సీసా చేత్తో పట్టుకుని ఎక్కొద్దు, పైకెక్కాక తాడుతో లాక్కోండి.

ఎక్కే ముందు ఇసుక నింపిన యూరియా సంచులు నాలుగు ఒక రాత్రంతా పైన పెట్టి చూడండి. పొద్దున ఎక్కడైనా వంగినా, ముడి జారినా మళ్లీ కట్టుకోవాల్సిందే. పైకప్పుకు ప్లాస్టిక్ పట్ట వేస్తే గాలికి తెరచాప అవుతుంది, బోదగడ్డి కప్పడమే మేలు. ఉరుము వినపడితే మాత్రం వెంటనే దిగేయండి, చెట్టు కింద కూడా నిలబడకుండా ఇంటికి పోండి, ఆ పూట పందులు తింటే తిననీ.

తోలడానికి నా ఏర్పాటు ఇది: చేని అవతలి కొసన గుంజకు గులకరాళ్లు వేసిన ఖాళీ నూనె డబ్బా, దాని తాడు మంచె దాకా. లాగితే గలగలమంటుంది. రెండు మూడు రోజులకు జింకలు అలవాటు పడిపోతాయి, అప్పుడు డబ్బా చోటు మార్చాలి. వడిసెలతో రాయి విసిరితే మంద పక్కన పడేలా విసరండి, మంద మీదకి కాదు.

కాయ పీకి, చెనక్కాయ కట్టె (కాయ తీసేసిన మొక్కలు) ఎత్తినాక పలకలు ఊడదీసి కొట్టంలో నిలబెట్టండి, నేల మీద పడేస్తే చెదల పాలే. గుంజలు అలాగే ఉండనీ. తాళ్లు మాత్రం వచ్చే ఏడు మళ్లీ మంచెకు వాడొద్దు, దూడల్ని కట్టేసుకోవడానికి పనికొస్తాయి.