మధ్యలో వచ్చే మార్పులతో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు గాడి తప్పుతుంటే

సమస్య: అందరూ రాత్రీపగలూ పనిచేస్తున్నారు, అయినా రిలీజ్ తేదీ వెనక్కి పోతూనే ఉంది.

కారణం: చాలాసార్లు ఇది పెద్ద మార్పుల వల్ల కాదు, నోటిమాటగా వచ్చిన చిన్నవాటి వల్ల. హైదరాబాద్‌కీ న్యూయార్క్‌కీ వేసవిలో 9.5 గంటలు, చలికాలంలో 10.5 గంటల తేడా. మన గచ్చిబౌలి, మాదాపూర్ టీమ్‌లు అక్కడి క్లయింట్లతో మాట్లాడేది రాత్రిపూటే. కాల్ ముగిసే ముందు "ఇదొక్కటి మార్చేయండి, చిన్నదే కదా" అంటారు. మొహమాటానికి ఎవరో ఒకరు సరే అనేస్తారు. తెల్లారేసరికి అది ఎక్కడా రాసి ఉండదు.

పరిష్కారం: కాల్‌లో సరే అనకండి. "చూసి రేపు చెబుతాం" అనండి. అది కాదనడం కాదు, క్లయింట్‌కి కోపమూ రాదు. తర్వాత ఆ మార్పు ఎక్కడెక్కడ తగులుతుందో చూడండి. లాగిన్‌లో విదేశీ ఫోన్ నంబర్లు కూడా తీసుకోవాలన్నారనుకుందాం. వినడానికి పూటపని. కానీ మన మొబైల్ నంబరుకు 10 అంకెలు, అంతర్జాతీయ నంబరుకు దేశం కోడ్‌తో కలిపి 15 దాకా ఉండొచ్చు. డేటాబేస్, స్క్రీన్‌లో నంబరు సరిచూసే కోడ్, ఓటీపీ పంపే ఎస్సెమ్మెస్ సర్వీస్, దాని ఖర్చు, రిపోర్టులు, టెస్ట్ కేసులు అన్నీ కదులుతాయి. ఎన్ని రోజులు, ఎంత డబ్బు, ఏ పని ఆగుతుంది అన్నది ఒక పేజీలో రాసి పంపండి. మెయిల్‌లో ఒప్పుకున్నాకే కోడ్ ముట్టుకోవాలి. డెవలపర్లను ఈ మొహమాటం నుంచి కాపాడాల్సింది మేనేజరే, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

సమస్య: ప్రతి మార్పూ అర్జెంటే. స్ప్రింట్ (ముందే అనుకున్న కొద్ది వారాల పని విడత) మధ్యలో పనులు వచ్చి పడుతున్నాయి.

కారణం: నిర్ణయం ఒకరి చేతిలో లేదు. సేల్స్ వాళ్లు ఒకటి చెబుతారు, క్లయింట్ మేనేజర్ ఇంకొకటి.

పరిష్కారం: స్క్రమ్‌లో (ఇలా స్ప్రింట్లుగా పనిచేసే పద్ధతిలో) అయితే బ్యాక్‌లాగ్, అంటే చేయాల్సిన పనుల జాబితా వరుస తేల్చాల్సింది దాని బాధ్యత చూసే ప్రొడక్ట్ ఓనరే, స్ప్రింట్ లక్ష్యానికి దెబ్బతగిలే మార్పు ఆ స్ప్రింట్‌లోకి రాకూడదు. ధర ముందే ఖాయమైన ఫిక్స్‌డ్ ప్రైస్ ఒప్పందమైతే, ఏ మార్పు ఒప్పుకోవాలో తేల్చడానికి రెండు వైపుల వాళ్లూ ఉండే చేంజ్ కంట్రోల్ బోర్డు పెట్టుకోండి. కొత్తది లోపలికి వస్తే ఏది బయటికి పోతుందో వాళ్లతోనే చెప్పించండి. చివర్లో మనుషుల్ని పెంచి సర్దుకోవచ్చనుకుంటే, వాళ్లకు పని నేర్పడానికే ఉన్నవాళ్ల టైమ్ పోతుంది.

సమస్య: మార్పు చేశాక టెస్టర్లు దాన్నే బగ్ అంటున్నారు.

కారణం: వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

పరిష్కారం: ఒప్పుకున్న రోజే రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ మార్చండి. చేంజ్ లాగ్‌లో (మార్పుల చిట్టాలో) మార్పు నంబరు, తేదీ, ఎవరు అడిగారు, ఏం తేలింది రాయండి. వద్దన్నవీ, ఎందుకు వద్దన్నారో కూడా ఉండాలి. అదే కోరిక నెల తర్వాత ఇంకొకరి నోట మళ్లీ వస్తుంది.