శంకర్ ఫిజిక్స్, కేగన్ ఫిలాసఫీ: రెండూ కలిపి ఇంట్లో చదివే పద్ధతి

డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. "మంచి లెక్చర్లు ఎక్కడ దొరుకుతాయి మేడమ్?" అని పిల్లలు ఇప్పటికీ అడుగుతుంటారు. దొరకడానికేం, బోలెడు. చూశాక బుర్రలో ఏం మిగిలిందన్నదే బాధ. అందుకే ఒక్క కోర్సు కాకుండా జంటగా రెండు చెబుతాను. రెండూ అమెరికాలోని యేల్ యూనివర్సిటీవే. 2007 డిసెంబరు నుంచి వాళ్లు 'ఓపెన్ యేల్ కోర్సెస్' అనే సైటులో కొన్ని తరగతుల వీడియోలు ఉచితంగా పెడుతున్నారు.

మొదటిది రామమూర్తి శంకర్ గారి 'ఫండమెంటల్స్ ఆఫ్ ఫిజిక్స్', 24 లెక్చర్లు. ఆయన ఐఐటీ మద్రాసులో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి ఫిజిక్స్‌లోకి వచ్చిన మనిషి. రెండోది షెల్లీ కేగన్ గారి ఫిలాసఫీ కోర్సు. దాని పేరే 'డెత్', 26 లెక్చర్లు. ఈయన బల్ల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని పాఠం చెబుతారు. ఫిజిక్స్ వాటిలో ఒక్కోటి గంటా పావు దాకా సాగుతుంది, ఫిలాసఫీవి ముప్పావు గంట అటూ ఇటూ. వారానికి ఇవి రెండు, అవి రెండు. మూడు నెలల పని.

జంట ఎందుకంటే, ఫిజిక్స్ పిల్లలు జవాబు రాగానే దాని కింద గీత గీసి ఊరుకుంటారు, దానికి అర్థమేమిటని అడగరు. ఫిలాసఫీ మాట్లాడేవాళ్లు అభిప్రాయం చెప్పేసి ఊరుకుంటారు, మధ్యలో మెట్లు చూపించరు. ఒకరి జబ్బుకి రెండోవారి దగ్గర మందుంది.

శంకర్ గారి మొదటి లెక్చర్లోనే ఇది తేలిపోతుంది. 15 మీటర్ల ఎత్తు మేడ మీంచి బంతిని సెకనుకు 10 మీటర్ల వేగంతో పైకి విసిరారు. గురుత్వ త్వరణం 10 అనుకుందాం. నేల మీద ఎప్పుడు పడుతుంది? ఇక్కడ వీడియో ఆపండి. కాగితం మీద మీరే చేయండి. వర్గ సమీకరణానికి రెండు మూలాలొస్తాయి: 3, మైనస్ 1. మూడు సెకన్లు సరే. మైనస్ ఒకటిని మన పిల్లలు "కాలం రుణాత్మకం కాదు" అని రాసి కొట్టేస్తారు, మార్కులు కూడా పడతాయి. ఆయన కొట్టెయ్యరు. సున్నా సెకను దగ్గర విసిరిన చెయ్యి ఎవరిదో సమీకరణానికి తెలియదు కదా. అదే బంతి నేల మీంచే బయల్దేరి ఉంటే, ఒక సెకను ముందు, 20 మీటర్ల వేగంతో బయల్దేరి ఉండేది. మేడ అంచు దాటేసరికి వేగం సరిగ్గా 10కి తగ్గేది. మైనస్ ఒకటికి అర్థం అదీ. భౌతిక శాస్త్రవేత్త డిరాక్ కూడా తన సమీకరణంలో వచ్చిన రుణ శక్తి జవాబుల్ని పారెయ్యలేదు. అలా ప్రతిపదార్థం (యాంటీమేటర్) ఊహకొచ్చింది, 1932లో ఎలక్ట్రాన్‌కి ప్రతికణమైన పాజిట్రాన్ దొరికింది. పాఠంలో ఈ ముక్క వచ్చేదాకా ఆగకుండా, మైనస్ ఒకటి గురించి ముందే మీ సొంత మాటల్లో రెండు వాక్యాలు రాసి పెట్టుకోండి.

మా అన్నయ్య కూతురు ఎంసెట్ బాగా రాసిన పిల్ల. మూడు గంటల్లో 160 ప్రశ్నలకి బబుల్స్ దిద్దిన చెయ్యి. ఈ కోర్సు లెక్కలు చూసి "అత్తా, ఇందులో ఆప్షన్లేవీ?" అంది. లేవే తల్లీ. యేల్ సైటులో లెక్కలూ వాటి సాధనలూ రెండూ ఉంటాయి. సాధన పేజీని మర్నాటిదాకా తెరవొద్దు, అంతే నియమం.

ఫిలాసఫీకి నోటుబుక్కులో ఎడమ పేజీ, కుడి పేజీ వాడండి. ఎడమ పక్క వాదనని వరస సంఖ్యలు వేసి రాయాలి, సిద్ధాంత నిరూపణ రాసినట్టే. ప్లేటో రాసిన 'ఫీడో' అనే సంభాషణలోంచి ఒకటి చూద్దాం. ఒకటి: భాగాలు కలిసి ఏర్పడినదే విడిపోయి నశిస్తుంది. రెండు: కనపడనిదానికి భాగాలుండవు. మూడు: ఆత్మ కనపడదు. కాబట్టి ఆత్మ నశించదు. ఇప్పుడు కుడి పక్క, ఏ వాక్యం బలహీనమో మీరు రాయాలి. "నేను ఒప్పుకోను" అని రాస్తే చెల్లదు, నంబరు చెప్పాలి. అందులో సిమ్మియస్ అనే సోక్రటీస్ శిష్యుడు రెండో దాన్ని పట్టుకుంటాడు: వీణలాంటి వాద్యంలో పలికే శ్రుతి కంటికి కనపడదు, అయినా వాద్యం విరిగితే అదీ పోతుంది. అయితే కనపడకపోవడం అంటే ఏమిటి? కంటికి ఆనకపోవడమా, ఏ ఇంద్రియానికీ అందకపోవడమా? శ్రుతి చెవికి అందుతుంది. రేడియో తరంగాలు ఏ ఇంద్రియానికీ అందవు గానీ రేడియో సెట్టుకి దొరుకుతాయి. కేగన్ గారు ఈ మెలిక విప్పుతున్నప్పుడు కాగితం మీద మీది ముందే ఉండాలి.

ఆత్మ లేదనే తాను వాదించబోతున్నానని ఆయన మొదటి రోజే చెప్పేస్తారు. మన ఇళ్లల్లో పెరిగినవాళ్లకి కొంచెం చురుక్కుమంటుంది. మన తార్కికుల పద్ధతి పాటించండి: ముందు పూర్వపక్షం, అంటే ఎదుటి వాదన, ఎదుటివాడు కూడా "అవును, నా మాట ఇదే" అనేంత న్యాయంగా. ఆ తర్వాతే మీ సిద్ధాంతం. ఇదంతా పడమటి పైత్యమనుకునేవాళ్లు ఆత్మ లేదన్న మన పాతకాలపు చార్వాకుల్ని తలుచుకుంటే చాలు.

ఇంగ్లిషు అందకపోతే సైటులో పాఠమంతా రాతలో ఉంది. ముందు వినండి, తర్వాత చదవండి. వేగం 0.75కి తగ్గించుకుంటే సిగ్గేం లేదు. తెలుగు మీడియం వాళ్లు తెలుగు అకాడమీ డిగ్రీ ఫిజిక్స్ పుస్తకాన్ని పక్కన పెట్టుకోండి. ఇంటర్ కలనగణితం మర్చిపోయుంటే, రెండు వారాలు దాని మీద పెట్టి అప్పుడు మొదలుపెట్టండి. 16వ లెక్చర్ టేలర్ శ్రేణులది. కొరుకుడు పడకపోయినా వదలొద్దు, తర్వాత వచ్చే సరళ హరాత్మక చలనం దాని మీదే నిలబడుతుంది. 12 నుంచి 15 దాకా ప్రత్యేక సాపేక్షత. భయపడతారు గానీ, మొదట్లో బీజగణితం వస్తే సరిపోతుంది. ప్రవాహులూ ఉష్ణగతికమూ నాకంత రుచించలేదు, వాటికి మన పాఠ్యపుస్తకమే మేలు.

ఒక జాగ్రత్త. ఫిలాసఫీ కోర్సు చివరి మూడు లెక్చర్లు ఆత్మహత్య గురించి. మనసు బాగోలేని రోజుల్లో వాటి జోలికి పోవద్దు, వదిలేసినా కోర్సుకొచ్చే లోటేం లేదు. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఉచితం.

ఇక సర్టిఫికెట్ అడగొద్దు, యేల్ వాళ్లు దీనికి ఇవ్వరు. ఉద్యోగ దరఖాస్తుకి కాగితం కావాలంటే ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్‌లో ఫిజిక్స్ కోర్సుకి నమోదై పరీక్ష రాయండి. శంకర్ గారి లెక్కలు చేసి ఉంటే ఆ పరీక్ష పెద్ద కష్టమనిపించదు.