వాడిన క్యాంపర్ ట్రైలర్ కొంటున్నారా? అడక్కపోయినా చెప్పే జాగ్రత్తలు

అమెరికాలో చలి తగ్గగానే వాడిన క్యాంపర్ ట్రైలర్ల (కారు వెనక కట్టి లాక్కెళ్లే బుల్లి ఇళ్ల) బేరాలు మొదలవుతాయి. మే నెలాఖరున వచ్చే మెమోరియల్ డే సెలవులకల్లా రోడ్డెక్కాలని అందరికీ తొందరే. లోపలికెళ్లి మంచాలు, పొయ్యి, బుల్లి బాత్రూం చూసి పిల్లలు గంతులేస్తారు, పెద్దవాళ్లు అడ్వాన్సు ఇచ్చేస్తారు. మీరు అడగలేదు, నిజమే. అయినా ఒక మాట: ట్రైలరు చూడబోయే ముందు మీ కారు తలుపు తెరిచి చూడండి.

డ్రైవరు తలుపు తెరిస్తే పక్కనున్న పిల్లర్ మీద ఒక స్టిక్కరు కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో అందులో ఉంటుంది. అదే పేలోడ్. అమ్మేవాళ్లు మాత్రం దీని ఊసెత్తరు, "మీ బండి 5,000 పౌండ్లు లాగుతుంది" అని ఊరుకుంటారు. మన కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే సియెన్నా, ఒడిస్సీ లాంటి మినీవ్యాన్లు లాగగలిగేది 3,500 పౌండ్లే. అందుకని 3,400 పౌండ్ల ట్రైలరు సరిపోతుందనుకుంటే పప్పులో కాలేసినట్టే. బ్రోషర్‌లో రాసేది డ్రై వెయిట్, అంటే ఖాళీ బరువు. దానికి 20 పౌండ్ల సిలిండర్లు రెండింటిలోని గ్యాసు 40, బ్యాటరీ 50 కలపండి. ట్యాంకులో 30 గ్యాలన్ల నీళ్లు పోస్తే 250 (గ్యాలను 8.34 పౌండ్లు). గిన్నెలు, కుక్కరు, బియ్యం, దుప్పట్లు, కుర్చీలు అన్నీ కలిపి తక్కువలో తక్కువ 500. మొత్తం 4,240.

ఈ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలరును కారుకు తగిలించే కొక్కెం) మీద, అంటే మీ కారు వెనక భాగం మీద పడాలి. దీన్ని టంగ్ వెయిట్ అంటారు. 12 శాతం వేసుకున్నా 510 పౌండ్లు. మీ పెద్ద ఎస్‌యూవీ పేలోడ్ 1,350 అనుకోండి. నలుగురు మనుషులు 600, కారులో సామాను 150, టంగ్ వెయిట్ 510, బరువు సర్దే హిచ్ సామగ్రి 90. లెక్క సరిగ్గా అంచుకొచ్చి ఆగింది. ఇక ఐస్ బాక్సు పెట్టడానికి కూడా చోటు లేదు.

కారు తేలిక పడాలని ట్రైలర్లో సామాను వెనక్కి జరపడం ఇంకా ప్రమాదం. టంగ్ వెయిట్ 10 శాతం కన్నా తగ్గితే పక్కనుంచి లారీ దాటినప్పుడు వచ్చే గాలికే ట్రైలరు తోకలా ఊగుతుంది. అప్పుడు కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు, యాక్సిలరేటరూ తొక్కకూడదు. కాలు తీసేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్ (కారులోంచి ట్రైలర్ బ్రేకులు వేసే పరికరం) మీదుండే మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయాలి.

బరువు కుదిరాక చూడాల్సింది తడి. ట్రైలర్లను తినేసేది వాననీరే. చాలా ట్రైలర్ల గోడ అంటే పలచని ఫైబర్‌గ్లాస్, దాని వెనక పలచని ప్లైవుడ్, మధ్యలో ఫోమ్, అన్నీ జిగురుతో అంటించినవి. పైకప్పు అతుకులోంచి నీళ్లు దిగితే జిగురు వదిలి గోడ ఉబ్బుతుంది. ఆ రిపేరు ఖర్చు చాలాసార్లు ట్రైలరు విలువనే మించిపోతుంది. అందుకే ఏటవాలు ఎండలో గోడ పక్కన నిలబడి దాని వెంట చూడండి, అలల్లా కనిపిస్తే వెనక్కి తిరిగి వచ్చేయండి. నిచ్చెన వేసి పైకప్పు అంచులు, వెంట్ల చుట్టూ సీలెంట్ పగుళ్లు చూడండి. కొత్తగా పులిమిన సిలికాన్ దట్టంగా ఉంటే అనుమానించాల్సిందే, దాని మీద తర్వాత ఇంకే సీలెంటూ సరిగా అంటుకోదు. లోపల అల్మరాల పై మూలల్ని బొటనవేలితో నొక్కండి. తలుపు దగ్గర, బాత్రూం పక్కన నేల మీద బరువుగా అడుగేయండి. మెత్తగా దిగితే కింద చెక్క కుళ్లినట్టే. సువాసన డబ్బాలు నాలుగైదు పెట్టి ఉంచారంటే, ఏ వాసన దాస్తున్నారో అడగండి.

ట్రైలరు చూడ్డానికి వెళ్లే ముందు రోజే ఫ్రిజ్ ఆన్ చేసి ఉంచమని అమ్మేవాళ్లకు చెప్పండి. గ్యాసుతో నడిచే ఫ్రిజ్ చల్లబడటానికి గంటలు పడుతుంది. అమోనియా వాసన వస్తే దాని కూలింగ్ యూనిట్ పోయినట్టే. నీళ్లు నింపి పంపు ఆన్ చేసి, కుళాయిలన్నీ కట్టేయండి. పంపు ఆగిపోవాలి. ఎవరూ కుళాయి తిప్పకుండానే మళ్లీ మళ్లీ గుర్రుమంటే ఎక్కడో పైపు కారుతోందన్నమాట. పైపుల్లో యాంటీఫ్రీజ్ (గడ్డకట్టని ద్రవం) పోయకుండా చలికాలం వదిలేసిన ట్రైలర్లలో ఇది మామూలే. వాటర్ హీటర్లో నీళ్లు లేకుండా కరెంటు స్విచ్ వేస్తే ఎలిమెంట్ క్షణాల్లో కాలిపోతుంది, అమ్మేవాళ్లు వేయబోయినా ఆపండి.

ట్రైలరు 30 యాంప్ ప్లగ్గు 120 వోల్టులది. గ్యారేజీలో డ్రయ్యర్ ప్లగ్గులాగే ఉందని 240 వోల్టుల వైరింగ్ ఇచ్చే ఎలక్ట్రీషియన్లున్నారు. అదే జరిగితే లోపలి సామాన్లు ఒక్క దెబ్బకు పోతాయి. వోల్టేజీ మీటరుతో చూశాకే ప్లగ్గు పెట్టండి.

టైరు మీద DOT (డాట్) అని మొదలయ్యే నంబరు చివరి నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం. అయిదారేళ్లు దాటితే గీతలు లోతుగా ఉన్నా మార్చాల్సిందే, ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి. గ్యాస్ సిలిండరు మెడ మీద తేదీ 12 ఏళ్లు దాటితే, మళ్లీ పరీక్ష చేయించనిదే నింపరు. టైటిల్ (యాజమాన్య పత్రం) అమ్మేవాళ్ల పేరు మీదే ఉండాలి, దాని మీద బ్యాంకు అప్పు ఉండకూడదు, అందులోని విన్ నంబరు (అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే బండి గుర్తింపు సంఖ్య) ట్రైలరు ఫ్రేము మీద ఉన్నదానితో కలవాలి. అన్నట్టు, మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) డ్రైవ్‌వేలో ట్రైలరు పెట్టనిస్తుందా? చాలా కాలనీల్లో ఒప్పుకోరు. అప్పుడు నెలనెలా స్టోరేజీ అద్దె కూడా ఖర్చులో వేసుకోవాలి.

ఇంటికి తెచ్చుకునే దారిలో 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి చక్రాల నట్లు టార్క్ రెంచితో మళ్లీ బిగించండి. చక్రం ఊడొచ్చేది ఎక్కువగా టైర్లు మార్చిన తర్వాతి మొదటి ప్రయాణంలోనే.