వాండా సరస్సు ఉప్పు ఎక్కడిది? ఐసోటోపులతో ఆరా తీసే పద్ధతి

అంటార్కిటికాలోని మెక్‌మర్డో డ్రై వ్యాలీస్‌లో ఉన్న వాండా సరస్సులో పైనవి దాదాపు మంచినీళ్లే, అడుగున మాత్రం కాల్షియం క్లోరైడ్‌తో చిక్కబడ్డ ఉప్పునీరు. క్లోరైడ్ సముద్రం నుంచి, కాల్షియం రాళ్ల నుంచి వచ్చి ఉండొచ్చు. అందుకే ఒక్కో అయాన్ (నీటిలో కరిగిన విద్యుదావేశ కణం) మూలాన్ని విడిగా వెతకాలి. అందుకు ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు, పనికొస్తాయి: కాల్షియం లాగే ప్రవర్తించే స్ట్రాన్షియం దాని జాడ చెబుతుంది, సల్ఫర్ సల్ఫేట్ జాడ చెబుతుంది.

మంచుకు రంధ్రం చేయగానే అందులో చేరే కరుగునీటిని నమూనాగా తీయొద్దు. నిస్కిన్ సీసాను (కావలసిన లోతులో మూసుకుని అక్కడి నీటిని పట్టే గొట్టాన్ని) దించి, లవణత ఒక్కసారిగా పెరిగే లోతులో మీటరుకొకటి, మిగతా చోట్ల ఐదు మీటర్లకొకటి తీయండి. వెంటనే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడపోసి, ఆమ్లంతో కడిగిన రెండు ప్లాస్టిక్ సీసాల్లో నింపండి. స్ట్రాన్షియం సీసాలో శుద్ధ నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 2 కంటే తగ్గించాలి. సల్ఫేట్, క్లోరైడ్ సీసాలో ఆమ్లం వద్దు. అడుగు నీటికి కుళ్లిన గుడ్ల వాసన ఉంటే వడపోతకు ముందే జింక్ ఎసిటేట్ కలపండి. లేకుంటే సల్ఫైడ్ దారిలోనే సల్ఫేట్‌గా మారి లెక్క తప్పుతుంది.

ప్రయోగశాలలో నమూనాను ఆవిరి చేసి, 3 మోలార్ నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, స్ట్రాన్షియం రెజిన్‌లో (స్ట్రాన్షియంను మాత్రమే పట్టి ఉంచే గుళికల్లో) పోయండి. అదే ఆమ్లంతో కడిగాక స్ట్రాన్షియంను శుద్ధ నీటితో దించాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కాల్షియం మరీ ఎక్కువైతే రెజిన్ నిండిపోయి స్ట్రాన్షియం ముందే జారిపోతుంది. తక్కువ నమూనా వాడి, రెండుసార్లు నడపండి. కొలిచేది స్ట్రాన్షియం 87, 86 ఐసోటోపుల నిష్పత్తిని. రుబీడియం మిగిలితే దాని 87 ఐసోటోపు, స్ట్రాన్షియం 87గా లెక్కలోకి వస్తుంది. నిష్పత్తి ముందే తెలిసిన ఎస్‌ఆర్‌ఎం 987 ప్రమాణ నమూనా 0.71025 దగ్గర రాకపోతే ఆ రోజు కొలతలు పక్కన పెట్టండి.

సముద్రపు నిష్పత్తి 0.7092. వాండా నీటిలో అది స్పష్టంగా ఎక్కువ, అంటే రాళ్ల వాటా ఖాయం. ఏ రాయి అన్నదే చిక్కు: ఫెరార్ డోలరైట్ (అక్కడి ముదురు రంగు అగ్నిశిల) 0.711 దాపులో ఉంటే, గ్రానైట్ ఇంకా పైన ఉంటుంది. కాబట్టి సముద్రం, గ్రానైట్ కలిసిన నీరు అచ్చం డోలరైట్‌లా కనిపించగలదు. రాతిని పొడి చేసి కొలిస్తే సరిపోదు, ఎందుకంటే బయోటైట్ (నల్ల అభ్రకం) మిగతా ఖనిజాల కంటే తొందరగా శిథిలమవుతుంది, కాబట్టి నీటిలోకి చేరే స్ట్రాన్షియం రాయి మొత్తం సగటులా ఉండదు. మట్టిని ముందు శుద్ధ నీటితో, తర్వాత 1 మోలార్ అమ్మోనియం ఎసిటేట్‌తో కడిగి, ఆ నీళ్లను కొలవండి. నిష్పత్తిని స్ట్రాన్షియం గాఢత విలోమంతో (1/గాఢత) గ్రాఫ్ గీయండి. రెండే మూలాలుంటే సరళరేఖ వస్తుంది. నిష్పత్తి మారకుండా గాఢత మాత్రమే తగ్గితే జిప్సం లాంటి లవణం అవక్షేపించిందేమో చూడండి.

సల్ఫేట్‌ను బేరియం క్లోరైడ్‌తో అవక్షేపించి సల్ఫర్-34 కొలవండి. సముద్రపు విలువ వెయ్యికి +21 దాపు, అంటే ప్రమాణ నమూనా కంటే వెయ్యికి 21 వంతులు ఎక్కువ. ఆక్సిజన్ లేని అడుగున బ్యాక్టీరియా తేలిక సల్ఫర్‌ను తినేసి ఆ విలువను పెంచుతుంది గనుక మూలం కోసం పై నీళ్లనే నమ్మండి.

క్లోరైడ్ గురించి స్ట్రాన్షియం ఏమీ చెప్పదు. దానికి బ్రోమైడ్‌ను కూడా కొలవాలి: సముద్రంలో క్లోరైడ్, బ్రోమైడ్ ద్రవ్యరాశి నిష్పత్తి 290 దాపు. పాత ఉప్పుపొరలు కరిగి చేరితే అది బాగా పెరుగుతుంది.