అర్జీ రాయడం నేర్చుకుందాం – నాలుగో పాఠం: దుబాసీని, అనువాదాన్ని అడగడం

అర్జీని ఏ విభాగానికి, ఏ అధికారి హోదా పేరిట రాయాలో గత పాఠంలో చూశాం. అర్జీదారుకు వచ్చిన భాష కార్యాలయంలో ఎవరికీ రానప్పుడు సాయం ఎలా కోరాలో ఈ పాఠంలో చూద్దాం. తెలుగు చదవడం, రాయడం వచ్చిన పాఠకులకు ఇది ఎందుకని అనిపించవచ్చు గానీ, హైదరాబాదులో పక్క వాటాలో ఉన్నవారి కోసమో, పనిచేసే చోట తోటివారి కోసమో అర్జీ రాసిపెట్టమని అడిగేది ఎక్కువగా మనలాంటి వారినే.

ముందుగా రెండు కోరికలను విడదీయాలి. అధికారి ఎదుట కూర్చుని మాట్లాడేటప్పుడు ఒకరి మాట మరొకరికి చెప్పే దుబాసీని కోరడం ఒకటి. నోటీసునో, ధ్రువపత్రాన్నో మరో భాషలో రాసి ఇమ్మని కోరడం మరొకటి. ఈ రెండింటినీ కలిపి "భాషా సాయం ఇప్పించగలరు" అని రాస్తే, ఆ అర్జీ ఏ సెక్షనుకు వెళ్లాలో తేలక తపాల్ విభాగంలోనే ఆగిపోతుంది. దుబాసీ పని ఫలానా రోజుకు, ఫలానా గంటకు ముడిపడినది కనుక దాన్ని విచారణ తేదీకి ముందుగా, విడిగా అడగాలి.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెప్పుకుందాం. ఏ అధికారికైనా తన ఫిర్యాదును దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా సమర్పించుకునే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ప్రతి ఒక్కరికీ ఇచ్చింది. అయితే జవాబు కూడా అదే భాషలో ఇవ్వాలని ఆ అధికరణం చెప్పలేదు. ఈ తేడా తెలియక వాదనకు దిగేవారు చాలామంది. తెలంగాణలో తెలుగుతో పాటు ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా 2017లో చేశారు కాబట్టి, పాతబస్తీ వాసి ఇచ్చిన ఉర్దూ అర్జీని పుచ్చుకోవడానికి గుమాస్తా వెనుకాడితే ఆ మాట మర్యాదగా గుర్తుచేయవచ్చు. సమాచార హక్కు చట్టం, 2005లోని 6వ సెక్షను ప్రకారం, రాతపూర్వకంగా దరఖాస్తు చేయలేని వ్యక్తి నోటితో చెప్పిన దాన్ని కాగితం మీద పెట్టడానికి ప్రజా సమాచార అధికారి తగిన సాయం చేయాలి. చెవిటివారి విషయంలో దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 సంజ్ఞలను కూడా సంభాషణ సాధనాలలో చేర్చింది కనుక సంజ్ఞాభాష దుబాసీని కోరవచ్చు. కాగితం మీద తెలుగులో రాసి చూపిస్తే చాలుననుకోకూడదు, వారిలో కొందరికి రాసిన తెలుగు కంటే సంజ్ఞలే సులువు. అర్జీలో మాత్రం చట్టం ప్రస్తావన ఒక వాక్యం దాటకపోవడం మేలని నా అభిప్రాయం. సెక్షన్లతో నిండిన కాగితాన్ని గుమాస్తా తగాదా కాగితంగా చూస్తాడు, తేదీ, గంట ఉన్న కాగితాన్ని పనిగా చూస్తాడు.

ఇప్పుడు ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. పశ్చిమ ఒడిశాలోని బలంగీర్ ప్రాంతం నుంచి నగర శివారు ఇటుక బట్టీకి వచ్చిన ఒక తల్లి, పుట్టినప్పుడు నమోదైన బిడ్డకు పేరు చేర్పించాలి. జననం నమోదైన 12 నెలల లోపు పేరును రుసుము లేకుండా చేర్చవచ్చు కాబట్టి ఆలస్యం చేయకపోవడమే మంచిది. ఆమెకు హిందీ వచ్చునని అందరూ అనుకుంటారు. కూలి బేరం వరకు వస్తుంది, తేదీలు, చిరునామా, తండ్రి ఇంటిపేరు అడిగితే రాదు. ఆమె మాట్లాడేది పశ్చిమ ఒడిశాలో వాడుకలో ఉన్న సంబల్‌పురి. కటక్ వైపు ఒడియా మాట్లాడే దుబాసీ దొరికినా కొంత తడబాటు ఉంటుంది కనుక అర్జీలో భాషతో పాటు ప్రాంతాన్ని కూడా రాయాలి.

"డిప్యూటీ కమిషనర్ గారికి, బల్దియా సర్కిల్ కార్యాలయం.
విషయం: బిడ్డ పేరు చేర్పు విచారణకు దుబాసీని ఏర్పాటు చేయవలసిందిగా విన్నపం.
అయ్యా, నా కుమార్తె జనన నమోదులో పేరు చేర్చవలసిందిగా నేను ఇచ్చిన దరఖాస్తుపై (నంబరు: ......) ...... తేదీన ఉదయం 11 గంటలకు హాజరు కావలసిందిగా తెలిపారు. నాకు తెలుగు, ఆంగ్లం రావు. హిందీ కొద్దిగా మాత్రమే వచ్చు. నేను మాట్లాడేది ఒడిశాలోని బలంగీర్ ప్రాంతపు సంబల్‌పురి. ఆ భాష తెలిసినవారిని ఆ రోజు అరగంట పాటు ఏర్పాటు చేయవలసిందిగా, వీలుకాని పక్షంలో నేను వెంట తెచ్చుకునే వ్యక్తిని అనుమతించవలసిందిగా కోరుతున్నాను. పై విషయాన్ని నాకు నా భాషలో చదివి వినిపించగా విని, సరిగా ఉందని ఒప్పుకొని వేలిముద్ర వేశాను."

ఇందులోని చివరి వాక్యాన్ని అలవాటుగా రాసి వదిలేయకండి. నిజంగా చదివి వినిపించి, ఆమె సరేనన్నాకే వేలిముద్ర వేయించాలి. వినిపించినవారు తమ పేరు, సంతకం కింద పెట్టాలి. "వీలుకాని పక్షంలో" అన్న మాట కూడా ముఖ్యమే. చాలా కార్యాలయాల్లో ఇలాంటి భాషలకు దుబాసీలు ఉండరు కాబట్టి, కాదనే వీలు ఒక్కటే మిగిలేలా అర్జీ రాయకూడదు. రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండో దానిపై ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి.

ముందుగా అడగకపోతే జరిగేది తెలిసిందే: "ఒడియా వచ్చినవాళ్లెవరైనా ఉన్నారా?" అని గుమాస్తా గట్టిగా అడగడం, గేటు దగ్గరి దళారీ ముందుకు రావడం. అంతకన్నా ఇబ్బంది, బడికి వెళ్లే పిల్లల చేత చెప్పించడం. కాన్పు వివరాలు, భర్తతో తగాదా, అప్పు వంటివి తల్లి ఆ పిల్లల ఎదుట విప్పి చెప్పదు. మీరే వెంట వెళ్లితే, ఆమె "నేను" అన్నచోట మీరూ "నేను" అనే చెప్పండి, అధికారి అడిగిన ప్రశ్నకు మీకు జవాబు తెలిసినా ఆమెనే అడగండి.

ఇక కాగితాల సంగతి. నోటీసు ఆంగ్లంలో వచ్చి అర్థం కాకపోతే, దాని నంబరు, తేదీ రాసి, తెలుగు ప్రతి ఇప్పించవలసిందని, అది అందే వరకు గడువు పొడిగించవలసిందని ఒకే అర్జీలో కోరవచ్చు. ఈ సందర్భంలో గడువును వదిలేస్తే అనువాదం వచ్చేలోపు తేదీ దాటిపోతుంది.

ఇతర భాషలోని మన కాగితాన్ని కార్యాలయానికి ఇచ్చేటప్పుడు, నోటరీ ఎదుట అనువాదకుడి ప్రమాణపత్రం జతచేయాలా, సొంత అనువాదం సరిపోతుందా అన్నది ముందే అడిగి తెలుసుకోండి. లేకపోతే ఊరికే డబ్బు ఖర్చవుతుంది. నిజాం కాలపు ఉర్దూ భూమి కాగితాలతో మరింత జాగ్రత్త అవసరం. వాటిలోని ఫస్లీ సంవత్సరాన్ని (నిజాం కాలపు రెవెన్యూ లెక్కల సంవత్సరాన్ని) చెరిపేసి ఇప్పుడు మనం వాడే ఇంగ్లీషు సంవత్సరం ఒక్కటే రాస్తే, మూల ప్రతితో సరిపోల్చేవారు దాన్ని తప్పుగా లెక్కిస్తారు. ఉదాహరణకు, జాగీర్ల రద్దు నిబంధన 1358 ఫస్లీది, వెలువడింది 1949 ఆగస్టులో. కాబట్టి ఫస్లీని అలాగే ఉంచి, పక్కన "1948–49" అని రాయడం పద్ధతి. ముద్రలు, చేతిరాత గుర్తులు ఉన్నచోట వాటిని వదిలేయకుండా "ముద్ర ఉంది, చదవడానికి వీలుగా లేదు" అని రాయాలి.

అభ్యాసం: ఆస్తిపన్ను నోటీసు ఆంగ్లంలో అందుకున్న, మరాఠీ మాత్రమే చదవగలిగిన ఒక వృద్ధుడి తరఫున అర్జీ రాయండి. ఆయన కార్యాలయానికి స్వయంగా వస్తానంటున్నారు, కాబట్టి దుబాసీని, అనువాదాన్ని రెండు వేర్వేరు కాగితాల్లో కోరండి. వచ్చే పాఠంలో ఆ అర్జీకి జవాబు రాకపోతే సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఎలా ఇవ్వాలో చూద్దాం.