తొలి టోర్నమెంటు ముందు మినియేచర్ సైన్యం: రంగుల తిప్పలు, మరమ్మతులు

చిన్న బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే యుద్ధ ఆటల టోర్నమెంటుకు పేరు ఇచ్చే రోజున మనసంతా వ్యూహాల మీదే ఉంటుంది. తేదీ మూడు వారాల దూరంలోకి వచ్చాక బల్ల వైపు చూస్తే సగం రంగు పడిన బొమ్మలు నలభై కనిపిస్తాయి. వాటిలో పది గరుకుగా, అయిదు మరకలతో, ఒకటి చెయ్యి ఊడి. సరిగ్గా ఆ దశలో ఉన్నవారి కోసం ఇది రాస్తున్నాను.

నా బొమ్మలతోనూ, స్నేహితులు తెచ్చి చూపించిన బొమ్మలతోనూ కుస్తీ పట్టాక నాకు తేలింది ఒకటే. తప్పు ఏ పొరలో కనిపిస్తుందో చాలాసార్లు ఆ పొరలో పుట్టదు, దాని కింది పొరలో పుడుతుంది. పసుపు మురికిగా కనిపిస్తే నేరం పసుపు డబ్బాది కాదు, కిందనున్న నలుపుది. ఇది గమనించకుండా ఇంకో పొర పూసి కప్పేద్దామనుకుంటే పని రెట్టింపవుతుంది, తప్పు మాత్రం అక్కడే ఉంటుంది.

మరమ్మతుకు ముందు ఒక కొలత

ప్రతి లోపాన్నీ సరిచేయనక్కర్లేదు. వార్‌హామర్ 40,000 అనే ఆటకు మామూలు టోర్నమెంటు బల్ల 60 అంగుళాల పొడవు, 44 అంగుళాల వెడల్పు. అంటే ఎదుటి ఆటగాడు మీ సైన్యాన్ని మీటరు దూరం నుంచి చూస్తాడు. బొమ్మను చేయి చాచి పట్టుకుని చూడండి. అప్పుడు కూడా కంట్లో పడే లోపమే లోపం. భూతద్దంలో మాత్రమే కనిపించేదాన్ని టోర్నమెంటు అయ్యాక చూసుకోవచ్చు.

ఇదే ఆట పదో ఎడిషన్‌లో ఒక్కో మ్యాచ్‌కు గరిష్ఠంగా 100 పాయింట్లుంటే, అందులో 10 సైన్యమంతా ‘బ్యాటిల్ రెడీ’గా ఉన్నందుకే వస్తాయి. ప్రధాన భాగాలన్నిటికీ రంగు పడాలి, బేస్ (బొమ్మ నిలబడే దిమ్మ) పూర్తి కావాలి, అంతే. కళ్లలో మెరుపు గీయమని ఎవరూ అడగలేదు. వేరే ఆటలకు, వేరే నిర్వాహకులకు వేరే నిబంధనలు ఉంటాయి. ‘కనీసం మూడు రంగులు’ అని రాసేవారూ ఉన్నారు. కాబట్టి కుంచె తడిపే ముందు నిబంధనల పత్రం ఒకసారి చదవండి.

లక్షణం: ప్రైమర్ కొట్టాక బొమ్మ ఇసుక కాగితంలా గరుకుగా ఉంది

ప్రైమర్ అంటే పై రంగులు పట్టుకోవడానికి ముందుగా వేసే పూత. దాని స్ప్రే చుక్కలు బొమ్మను తాకేలోపు గాలిలోనే ఆరిపోయాయి. డబ్బాను మరీ దూరంగా పట్టుకున్నారు, లేదా గాలి వేడిగా, పొడిగా ఉంది, లేదా డబ్బాను సరిగా కుదపలేదు. గరుకు కాకుండా పాలిపోయిన మసక కనిపిస్తే కారణం దాదాపుగా తేమ. వర్షం పడుతున్నప్పుడు స్ప్రే జోలికి పోకండి.

గరుకు తక్కువగా ఉంటే, బాగా ఆరాక గట్టి పళ్ల బ్రష్‌తో పొడిగానే రుద్దండి. పైన కూర్చున్న ధూళి చాలావరకు రాలిపోతుంది. చదునైన చోట సన్నని ఇసుక కాగితం వాడవచ్చు. గరుకు లోతుగా ఉంటే కడిగేయడమే దారి. ప్లాస్టిక్ బొమ్మలైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి బ్రష్‌తో తోమాలి. అసిటోన్ ఉన్న ద్రవాలను దగ్గరికి రానివ్వకండి. రంగుతో పాటు బొమ్మ కూడా కరిగిపోతుంది. అచ్చులో పోసి బొమ్మలు చేసే రెజిన్ అనే పదార్థంలో కొన్ని రకాలు ఆల్కహాల్‌లోనూ మెత్తబడతాయి కనుక ముందు ఒక పనికిరాని ముక్కను ముంచి చూడండి.

మళ్లీ కొట్టేటప్పుడు డబ్బాను రెండు నిమిషాలు కుదపండి. 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం ఉంచండి. మీట నొక్కడం బొమ్మకు ఇవతల మొదలుపెట్టి, చేయి బొమ్మను దాటాక ఆపండి. ముందుగా ఒక్క బొమ్మ మీద కొట్టి, ఆరాక వేలితో తడిమి, బాగుంటేనే మిగతావాటి జోలికి వెళ్లండి. నేను ఒకసారి ఈ పరీక్ష మానేసి పన్నెండు బొమ్మలను ఒకేసారి గరుకు చేసుకున్నాను. కడిగే ఓపిక లేక వాటన్నిటికీ తుప్పు రంగు వేశాను. ఆ దళాన్ని చూసినవాళ్లు తుప్పు భలే కుదిరిందన్నారు. నేను కాదనలేదు.

లక్షణం: రంగు పొరలు పొరలుగా ఊడిపోతోంది

రెజిన్ బొమ్మ అయితే మొదటి అనుమానం అచ్చు నుంచి సులువుగా రావడానికి పూసే జిడ్డు మీద. అది బొమ్మకు అంటుకునే ఉంటుంది, దాని మీద ప్రైమర్ నిలవదు. లోహపు బొమ్మలపై చేతి జిడ్డు కూడా ఇదే పని చేస్తుంది. మాస్కింగ్ టేపు ముక్కను ఒక మూల మెల్లగా అంటించి లాగండి. రంగు టేపుతో వచ్చేస్తే పైన ఎన్ని పూతలు పూసినా వృథా. మొత్తం తీసేసి, గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ప్రైమర్ నుంచి మొదలుపెట్టాలి.

కత్తి కొన, భుజం అంచు లాంటి చోట్ల మాత్రమే రంగు పోతుంటే అది వేళ్ల రాపిడి. బొమ్మను ఏదైనా పిడి మీద అంటించి, ఆ పిడి పట్టుకుని రంగు వేయండి. పోయిన చోట ప్రైమర్‌ను కుంచెతో అద్ది, పైన రంగు దిద్దితే చాలు.

లక్షణం: కుంచె గీతలు కనిపిస్తున్నాయి, చెక్కడాలు పూడిపోయాయి

రంగు చిక్కగా ఉంది. డబ్బాలోంచి తీసినదాన్ని తీసినట్టే పూస్తున్నారు. బొటనవేలి మీద ఒక గీత గీయండి. రంగు కనిపించాలి, దాని కింద వేలిముద్ర గీతలూ కనిపించాలి. గీతలు పూడిపోతే నీళ్లు కలపండి. గీతల వెంట రంగు పారిపోతే నీళ్లు ఎక్కువయ్యాయి. ఒక మందపు పూత వేసే చోట రెండు పలుచని పూతలు వేయండి, మొదటిది ఆరాకే రెండోది.

తడి పాలెట్ మీ దగ్గర లేకపోతే ఈ రోజే చేసుకోండి. మూత ఉన్న చదునైన డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బేకింగ్ కాగితం. కలిపిన రంగు గంటల తరబడి ఆరకుండా ఉంటుంది. పలుచన చేసే అలవాటు లేనివారికి కుంచె నైపుణ్యం కంటే ఇదే ఎక్కువ మేలు చేస్తుంది.

లక్షణం: పసుపు, తెలుపు, ఎరుపు ఎంత పూసినా కప్పడం లేదు

నల్ల ప్రైమర్ మీద పూస్తున్నారు. ఈ రంగుల్లో చాలావాటికి కింద ఉన్నదాన్ని దాచే శక్తి తక్కువ. పసుపు కింద లేత గోధుమ రంగో గులాబీ రంగో, తెలుపు కింద లేత బూడిద రంగో ఒక పూత వేయండి. ఎరుపు కింద ఇటుక రంగు బాగా పనిచేస్తుంది. అయిదు పూతలు పూసినా కుదరనిది రెండింటిలో కుదురుతుంది. సైన్యానికి ప్రధాన రంగే పసుపైతే నల్ల ప్రైమర్ కొనడమే పొరపాటు.

లక్షణం: వాష్ ఆరాక అంచులు కట్టిన మరకలు

గుంటల్లో నీడ కోసం పూసే వాష్ చదునైన కవచం మీద చెరువులా నిలిచి, అంచుల నుంచి లోపలికి ఆరుతూ వచ్చింది. రంగంతా అంచుకు చేరి వలయం కట్టింది. ఇంకో రకం మరక కూడా ఉంది. సగం ఆరినదాన్ని సరిచేద్దామని కుంచెతో కదిపితే చర్మం లేచినట్టు చిరుగుతుంది. సగం ఆరిన వాష్‌ను ముట్టుకోకండి. తడిగా ఉన్నంతసేపే దిద్దుబాటు, ఆ తరువాత పూర్తిగా ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి.

తడిగా ఉంటే శుభ్రమైన కుంచెను తడిపి, టిష్యూ మీద ఒత్తి, దాని కొనను నిలిచిన చోట ఆనించండి. అదనపు ద్రవాన్ని కుంచే పీల్చేస్తుంది. ఆరిపోయాక చూసుకుంటే, మరక మీద మూల రంగును పలుచగా పూయండి, గుంటలను మాత్రం వదిలేయండి. విచిత్రం ఏమిటంటే ఇలా దిద్దిన బొమ్మలు మొదటిసారే కుదిరినవాటికంటే బాగుంటాయి. ఎత్తులు లేతగా, లోతులు ముదురుగా విడిపోతాయి. ట్యాంకుల వంటి పెద్ద చదును భాగాలకు ఒళ్లంతా వాష్ పూయకుండా, సన్నని కుంచెతో గాడుల వెంట మాత్రమే పూయండి.

ఒకే పూతలో రంగు, నీడ రెండూ ఇచ్చే పలుచని రంగులకు కూడా ఈ జబ్బే, ఈ మందే. సిటాడెల్ కాంట్రాస్ట్ రంగులు 2019లో వచ్చాక ఇవి బాగా వ్యాపించాయి. ఒక జాగ్రత్త: ఆర్మీ పెయింటర్ 2022లో తెచ్చిన తొలి స్పీడ్‌పెయింట్ ఆరాక కూడా తడి తగిలితే తిరిగి కరిగేది. 2023లో వచ్చిన రెండో రకంలో ఆ లక్షణాన్ని సరిచేశారు. మీ పెట్టెలో పాత సీసాలు ఉంటే, వాటి మీద తెల్లని మెరుపులు దిద్దేముందు ఒక పూత వార్నిష్ (రంగును కాపాడే పారదర్శక పూత) వేయండి. లేకపోతే తెలుపు కాస్తా కింది రంగును తాగేస్తుంది.

లక్షణం: ఎరుపులో వెండి తళుకులు

లోహపు రంగు కడిగిన నీళ్లలోనే కుంచె ముంచారు. లోహపు రంగులకు వేరే గ్లాసు, వీలైతే వేరే కుంచె పెట్టుకోండి.

లక్షణం: ఒకే సైన్యం రెండు సైన్యాల్లా ఉంది

మొదటి పది బొమ్మలు నేర్చుకుంటూ వేసినవి, చివరి పది నేర్చుకున్నాక వేసినవి. మధ్యలో నీలం అయిపోతే ఇంకో నీలం తెచ్చారు. ఇక్కడ అందరూ చేసే తప్పు మొదటి పదిని మళ్లీ మొదలుపెట్టడం. అవి పూర్తయ్యేసరికి చెయ్యి ఇంకా తిరుగుతుంది, అప్పుడు మధ్య పది పాతబడతాయి. ఈ వేటకు అంతులేదు.

బొమ్మలను వదిలి బేస్‌ల వైపు చూడండి. అన్నిటికీ ఒకే ఇసుక, ఒకే మట్టి రంగు, ఒకే గడ్డి, అంచుకు ఒకే రంగు. దీనికి తోడు ప్రతి బొమ్మ మీదా ఒకే చోట, ఉదాహరణకు ఎడమ భుజం మీదో ఆయుధం పిడి మీదో, ఒకే ప్రకాశవంతమైన రంగు వేయండి. మీటరు దూరం నుంచి కన్ను ఆ రెంటినీ పట్టుకుంటుంది, నీలాల తేడాను మరచిపోతుంది. మొహాలకంటే బేస్‌లకే ముందు సమయం కేటాయించమని నేను ఎప్పుడూ చెబుతాను, ఎవరూ వినరు.

బేస్ మీద ఇసుక రాలుతుంటే, అది జిగురులో సగమే మునిగిందన్నమాట. పివిఏ (తెల్ల) జిగురును నీళ్లతో పలుచన చేసి ఇసుక పైనుంచి ఇంకనివ్వండి. రాత్రంతా ఆరాక రాయిలా ఉంటుంది.

లక్షణం: రోజులు తరుగుతున్నాయి, బొమ్మలు తరగడం లేదు

కాగితం మీద లెక్క వేయండి. బొమ్మకు 40 నిమిషాల చొప్పున 60 బొమ్మలకు 40 గంటలు. రోజుకు రెండు గంటలు కూర్చుంటే 20 రోజులు, ఒక్క రోజూ తప్పకుండా. రోజులు సరిపోకపోతే బొమ్మకు పట్టే సమయాన్ని తగ్గించాలి, నిద్రను కాదు.

ఎనిమిది నుంచి పది బొమ్మలను వరుసగా పెట్టి, ఒక రంగు తీసి పదింటికీ వేసి, తరువాతి రంగుకు వెళ్లండి. పదోది పూర్తయ్యేసరికి మొదటిది ఆరి ఉంటుంది. ఇరవై ఒకేసారి పెట్టుకుంటే మాత్రం మూడో రంగుకే విసుగు పుడుతుంది. సేనానిని చివరికి ఉంచండి. నా తొలి టోర్నమెంటుకు సేనాని కళ్ల కోసం మూడు సాయంత్రాలు ఖర్చు చేశాను. మొదటి ఆటలో మొదటి వంతులోనే ఆయన పోయాడు. ఆ కళ్లను చూసింది నేనొక్కడినే.

లక్షణం: వార్నిష్ కొట్టాక సైన్యం బూడిద కప్పుకుంది

అన్నిటికంటే గుండె ఆగేది ఇదే, ఎందుకంటే ఇది ఎప్పుడూ చివరి రాత్రే జరుగుతుంది. మ్యాట్ (మెరుపు లేని) స్ప్రే వార్నిష్ కొట్టిన పావుగంటకు ముదురు రంగులన్నీ తెల్లబారతాయి. గాలిలో తేమ పొరలో చిక్కుకుంది, లేదా మెరుపును తగ్గించే పొడి డబ్బా అడుగునే ఉండి సరిగా కలవలేదు, లేదా ఒకే విడతలో మందంగా కొట్టారు.

కంగారులో మళ్లీ మ్యాట్ స్ప్రే కొట్టకండి, తెలుపు పెరుగుతుంది. ఒక రోజు ఆరనిచ్చి, ఒక్క బొమ్మ మీద కుంచెతో గ్లాసీ (మెరిసే) వార్నిష్ పలుచగా పూయండి. పొరలోని సూక్ష్మమైన ఖాళీలు నిండి చాలాసార్లు కింది రంగు తిరిగి తేలుతుంది. ఆ మెరుపు నచ్చకపోతే ఆరాక మ్యాట్ వార్నిష్‌ను కూడా కుంచెతోనే పూయండి. ఒక బొమ్మ తేరుకుంటే మిగతావాటికీ అదే వైద్యం. తేరుకోకపోతే ఎత్తైన భాగాలకు మూల రంగును డ్రై బ్రష్ చేసి (రంగు దాదాపు తుడిచేసిన కుంచెతో పైపైన రాసి), మీటరు దూరం నియమాన్ని గుర్తు చేసుకోండి.

వాన పడుతున్న రాత్రి కిటికీ పక్కన నిలబడి నేను ముప్ఫై బొమ్మలకు ఈ గతి పట్టించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ తరువాతే డబ్బా వెనక రాసింది చదివాను. టోర్నమెంటుకు నాలుగు రోజులు కూడా లేకపోతే స్ప్రేను పక్కన పెట్టి కుంచె వార్నిష్ వాడండి. అదీ కుదరకపోతే వార్నిష్ లేకుండానే వెళ్లండి. వార్నిష్ లేదని పాయింట్లు తగ్గించే నిబంధన నాకింకా తారసపడలేదు.

లక్షణం: వేదికకు చేరేసరికి విరిగిన కత్తులు

బొమ్మలు పెట్టెలో కదులుతున్నాయి. బేస్‌ల కింద చిన్న అయస్కాంతాలు అంటించి, ఉక్కు రేకు పరిచిన పెట్టెలో నిలబెడితే స్పాంజి రాపిడి కూడా తప్పుతుంది. బయలుదేరే ముందు పెట్టెను మూసి, పక్కకు వంచి చూడండి. శబ్దం వస్తే ఆ బొమ్మకు ఇంకో అయస్కాంతం కావాలి.

ఏం చేసినా ఒకటో రెండో విరుగుతాయి. సంచిలో సూపర్ గ్లూ, ఒక పాత కుంచె, ప్రధాన రంగు డబ్బా, బేస్ అంచుకు వేసిన రంగు డబ్బా పెట్టుకోండి. బొమ్మలను ఎత్తిపెట్టేటప్పుడు వేళ్లు పడేది అంచు మీదే కాబట్టి, మధ్యాహ్నానికల్లా ముందు అరిగేది ఆ అంచే.