పాత జంతువుల కామిక్స్: ముఖచిత్రం ఎవరు గీశారో, రంగులెవరు వేశారో కనుక్కోవడం ఎలా

డొనాల్డ్ డక్, టామ్ అండ్ జెర్రీ, ఫీలిక్స్ పిల్లి లాంటి జంతువుల కామిక్స్ పాతవి మీ దగ్గర ఉంటే, ఒకసారి ముఖచిత్రం గీసినవాళ్ల పేరు కోసం వెతికి చూడండి. చాలా పుస్తకాల్లో అట్ట నుంచి అట్ట దాకా తిరగేసినా దొరకదు. డిస్నీ పుస్తకాల మీద మాత్రం వంకీలు తిరిగిన అక్షరాలతో వాల్ట్ డిస్నీ పేరుంటుంది. అది చూసి ఆయనే గీశాడనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది కంపెనీ పేరు, గీసిన చేతి సంతకం కాదు.

మనం చందమామ చదివి పెరిగినవాళ్లం. అట్ట మీద ఓ మూల 'వపా' అని కనబడితే అది వడ్డాది పాపయ్యగారి బొమ్మ అని పిల్లలు కూడా చెప్పేవారు. అమెరికాలో ఈ కామిక్స్ గీసినవాళ్లలో చాలామందికి ఆ భాగ్యం దక్కలేదు. అందుకే ఈ పని నాకిష్టం. ఓపిక ఉంటే ఎవరైనా చెయ్యొచ్చు.

నేను చెన్నైలో, రాయపేటలోని ఒక ఆఫ్‌సెట్ ప్రెస్‌లో, నెగెటివ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. లైట్ టేబుల్ మీద ఫిల్మ్ పరుచుకుని, సూదిమొనంత చిల్లులకి సన్న బ్రష్‌తో ఒపేక్ (వెలుతురు దూరకుండా అడ్డుకునే రంగు) పూయడం, ఒక రంగు ఫిల్మ్ మీద ఇంకో రంగు ఫిల్మ్ సరిగ్గా కూర్చుందో లేదో చూడటం నా పని. అందువల్ల 'ఈ బొమ్మ ఎవరిది' అంటే నాకు ఒక్క మనిషి గుర్తురాడు. పెన్సిల్‌తో గీసినవారు ఒకరు, దాని మీద ఇంకు పెట్టినవారు ఒకరు, ఏ చోట ఏ రంగు రావాలో గైడ్ తయారుచేసినవారు ఒకరు, ఆ గైడ్ చూసి ఒక్కో ఇంకుకి వేరే ఫిల్మ్ వచ్చేలా రంగులు విడగొట్టినవారు (సెపరేషన్ అంటాం) ఇంకొకరు. ఒక్కోసారి మొదటి రెండు పనులూ ఒకరే చేస్తారు. అయినా ఏ పని ఎవరు చేశారో విడివిడిగా రాసుకోండి. ఒక నోట్‌బుక్ పేజీలో పనికొక గడి గీసుకుని మొదలుపెడితే చాలు.

మొదట అట్టని వదిలేసి లోపల చూడండి. మొదటి పేజీ అడుగునో, అట్ట లోపలి వైపో చిన్న అక్షరాల్లో ప్రచురణకర్త పేరు, నెల, సంవత్సరం ఉంటాయి. అట్ట మీద వేసిన నెల కన్నా ముందే పుస్తకం అమ్మకానికి వచ్చేది, బొమ్మ గీసింది ఇంకా ముందు. ఒక ఆర్టిస్టు ఫలానా ఏడాది ఎక్కడ పనిచేశాడో సరిచూసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఇక డెల్ అనే ప్రచురణకర్త పేరుతో వచ్చిన డిస్నీ కామిక్స్‌ని నిజానికి తయారుచేసింది వెస్టర్న్ ప్రింటింగ్ అండ్ లితోగ్రాఫింగ్ కంపెనీ, విస్కాన్సిన్‌లోని రసీన్ ఊరిది. ఆర్టిస్టులకి పని ఇచ్చిందీ, డబ్బు ఇచ్చిందీ వెస్టర్నే. 1962లో డెల్‌తో విడిపోయి గోల్డ్ కీ పేరుతో సొంతంగా వేసింది. కాబట్టి డిస్నీ స్టూడియో ఉద్యోగుల జాబితాలో వెతికి లాభం లేదు, వెస్టర్న్‌కి పనిచేసినవాళ్లలో వెతకాలి.

ధర కూడా చూడండి. డెల్ పుస్తకం చాలాకాలం 10 సెంట్లు. 1961లో 15 అయింది. గోల్డ్ కీ మొదలైనప్పుడు 12. అదే బొమ్మ ఎక్కువ ధరతో, వేరే కంపెనీ గుర్తుతో కనబడితే అది మళ్లీ వేసింది. రీప్రింట్‌లో రంగులు మారిపోయి ఉండొచ్చు. గీతలు 1950ల నాటివీ, రంగులు 1970ల నాటివీ అయిన అట్టలున్నాయి. వాటికి గీసినవారి గడి, రంగుల గడి రెండు వేర్వేరు కాలాలవి.

ఎక్కువమంది పొరబడేది ఒకటుంది: లోపలి కథ గీసినవారే అట్ట కూడా గీశారనుకోవడం. 'వాల్ట్ డిస్నీస్ కామిక్స్ అండ్ స్టోరీస్' 1940లో మొదలైంది. అందులో 1943 నుంచి పది పేజీల డొనాల్డ్ కథలు గీసింది కార్ల్ బార్క్స్. కానీ ఆ దశాబ్దం మధ్యలో ముఖచిత్రాలు చాలావరకు వాల్ట్ కెల్లీవి. ఇద్దరూ అంతకుముందు డిస్నీ స్టూడియోలో చేసినవాళ్లే. కెల్లీ 1941లో మానేశాడు, బార్క్స్ 1942లో. కెల్లీ తర్వాత పోగో అనే పోసమ్ (అమెరికాలో ఉండే ఒక చిన్న జంతువు) బొమ్మల కథతో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఆయన డిస్నీ అట్టల మీద మాత్రం ఆయన పేరు లేదు.

మా మేనల్లుడు ఒకసారి ఇలాంటి రెండు అట్టలు టేబుల్ మీద పెట్టి, "అత్తా, రెండూ ఒకే బాతు కదా, తేడా ఎలా తెలుస్తుంది?" అన్నాడు. "బాతుని చూడకురా, బాతు వెనకాల ఏముందో చూడు" అన్నాను. డొనాల్డ్ ముక్కు, కళ్లు, టోపీ ఎలా ఉండాలో కంపెనీ మోడల్ షీట్ ఇచ్చేది. ఎవరు గీసినా వాటిని దాని ప్రకారమే గీయాలి. గడ్డిపరకలు, రాళ్లు, చెక్క పలక మీద గీతలు, నీటి చిందులు, బట్టల మడతలకి మోడల్ షీట్ ఉండదు. అక్కడ ఆర్టిస్టు చెయ్యి తనకి అలవాటైనట్టు తిరుగుతుంది. 19వ శతాబ్దంలో ఇటలీలో జొవాన్నీ మొరెల్లి పాత తైలవర్ణ చిత్రాలు ఎవరివో ఇలాగే తేల్చేవాడు. ముఖాలు వదిలేసి చెవులు, వేళ్ల గోళ్లు చూసేవాడు. కెల్లీది ఎక్కువగా బ్రష్ గీత, లావుగా మొదలై సన్నబడుతుంది, మెత్తగా ఉంటుంది. బార్క్స్ ఎస్టర్‌బ్రూక్ 356 అనే ఉక్కు పాళీతో ఇంకు పెట్టేవాడు. ఆ గీత శుభ్రంగా, బిగువుగా ఉంటుంది. రెండు అట్టల మీదా నేల, నీడలు పక్కపక్కన పెట్టి చూసేసరికి మావాడికి తేడా తెలిసిపోయింది.

బార్క్స్ దగ్గర కూడా గడులు విడిగానే ఉంచాలి. 1954లో ఆయన్ని పెళ్లాడిన ఆవిడ పేరు 'గారే', ఆవిడ కూడా చిత్రకారిణే. ఆయన పేజీల్లో అక్షరాలు రాయడం, నల్లటి భాగాలు నింపడం ఆవిడ చేసేది. ఆవిడ పేరు రాయకుండా బార్క్స్ పేరొక్కటే రాస్తే లెక్క సగమే అవుతుంది.

సంతకం దొరికితే మంచిదే, కానీ అది ఎవరి సంతకమో చూడాలి. ఫీలిక్స్ పిల్లి మీద ఏళ్ల తరబడి ప్యాట్ సల్లివన్ పేరే ఉండేది. స్టూడియో ఆయనది. గీసింది ఒట్టో మెస్మర్, తర్వాత కామిక్ పుస్తకాలకి కూడా ఆయనే గీశాడు. హార్వీ కంపెనీ పుస్తకాల మీద ముఖచిత్రాలు లెక్కలేనన్ని గీసిన వారెన్ క్రెమర్ పేరు అట్ట మీద కనబడదు. 1940ల్లో గిగిల్, హా హా, కూ కూ లాంటి పత్రికలకి లాస్ ఏంజెలస్ యానిమేటర్లు పగలు స్టూడియోలో పనిచేసి, మిగిలిన వేళల్లో కామిక్స్ గీసేవారు. వాళ్లకి పని పంచినవాడు జిమ్ డేవిస్ (గార్‌ఫీల్డ్ పిల్లిని గీసిన జిమ్ డేవిస్ వేరు). ఇలాంటి పుస్తకాలు చాలావాటికి కాపీరైట్ అయిపోయింది. డిజిటల్ కామిక్ మ్యూజియం సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. పోల్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

ఇక రంగుల సంగతి. దీన్ని అందరూ చివరికి నెట్టేస్తారు, నాకేమో ఇక్కడే ఎక్కువ పని కనబడుతుంది. పది రెట్లు పెంచి చూపించే లూప్ (చిన్న భూతద్దం) ఒకటి కొనండి. పగటి వెలుతురులో అట్ట మీద పెట్టి, ముందు నల్ల గీత అంచు చూడండి. గీత చుక్కలు లేకుండా గట్టి నలుపుగా ఉంటే అది ఇంకుతో గీసిన బొమ్మ. ఆర్టిస్టు ఇచ్చింది నలుపు తెలుపు బొమ్మే అయ్యుంటుంది, రంగులు తర్వాత వేరే చేతుల్లో పడ్డాయి. అలా కాకుండా గీత అంచు కూడా నాలుగు రంగుల చుక్కల్లో కలిసిపోతుంటే, అది మొత్తం రంగులతో వేసిన పెయింటింగ్‌ని ఫొటో తీసి విడగొట్టినది. అప్పుడు గీసినవారు, రంగులు వేసినవారు ఒకరే అనుకోవడానికి బలమైన కారణం ఉన్నట్టు. డెల్ అట్టల్లో రెండు రకాలూ ఉన్నాయి.

లూప్‌ని బాతు ముక్కు మీదకి జరపండి. పసుపు నిండుగా పరుచుకుని ఉంటుంది, దాని మీద వరసగా ఎర్ర చుక్కలు. మన కంటికి నారింజ రంగు. కామిక్స్ లోపలి పేజీల్లో అప్పట్లో ఒక్కో ఇంకు 25 శాతం, 50 శాతం, లేదా నిండుగా వేసేవారు, లేకపోతే అసలు వేసేవారు కాదు. అంటే నలుపు కాక మిగిలిన మూడు ఇంకులకి (పసుపు, ఎరుపు, నీలం) నాలుగేసి స్థాయిలు, మొత్తం 64 రంగులు. అట్టకి మంచి కాగితం వాడేవారు కాబట్టి ఇంకొంచెం వెసులుబాటు ఉండేది. కలర్ గైడ్ వేసినవారు బొమ్మ ఫొటో ప్రింట్ మీద నీటిరంగుల్లాంటి పల్చటి రంగు ద్రవాలు పూసి, ఏ భాగానికి ఏ పాళ్లో పక్కన కోడ్ రాసేవారు.

ఆ కోడ్ చూసి ఫిల్మ్‌కి తయారుచేసేది ఇంకొకరు. న్యూయార్క్‌లోని చాలామంది ప్రచురణకర్తలకి ఈ పని కనెక్టికట్ రాష్ట్రం బ్రిడ్జ్‌పోర్ట్‌లోని కెమికల్ కలర్ ప్లేట్ అనే సంస్థలో జరిగేది. అక్కడ ఎక్కువగా ఆడవాళ్లే. మూడు ఇంకులు, ఒక్కోదానికి మూడు పాళ్లు, అంటే పేజీకి తొమ్మిది ప్లాస్టిక్ షీట్లు. ప్రతి షీట్ మీదా ఏ భాగం ఎంతవరకో చూసుకుని బ్రష్‌తో పూసేవారు. నేను చేసిన పనికి దగ్గరి పని అది. వెస్టర్న్‌కి సొంత ప్రెస్సులుండేవి కాబట్టి డిస్నీ పుస్తకాలని బ్రిడ్జ్‌పోర్ట్ ఖాతాలో వేయకండి.

బాతు మెడలోని ఎర్ర బో అంచున సన్నగా తెల్ల సందు కనబడితే రంగులు వేసినవారిని తప్పు పట్టకండి. అది అచ్చులో ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోకుండా పక్కకి జరగడం. అదే పుస్తకం ఇంకో కాపీలో సరిగ్గా ఉండొచ్చు. ఇప్పటి ఆల్బమ్‌లలో వచ్చే పాత అట్టలకి చాలావాటికి కంప్యూటర్‌లో కొత్తగా రంగులు వేశారు. వాటిని చూసి పాత రంగుల మీద అభిప్రాయానికి రావద్దు. ఇంకో చిక్కు: బార్క్స్ రిటైరయ్యాక, 1971 నుంచి డిస్నీ అనుమతితో తన పాత అట్టల ఆధారంగా ఆయిల్ పెయింటింగులు వేశాడు. అవి చూసి అసలు కామిక్ అట్ట కూడా ఆయనే రంగులతో వేశాడనుకునేవాళ్లు కనబడతారు. అట్ట ముందు, పెయింటింగ్ తర్వాత.

ఇంత చూశాకే డేటాబేస్‌లు తెరవండి. డిస్నీ కామిక్స్‌కి ఇండక్స్ (INDUCKS) అనే డేటాబేస్, మిగతా వాటికి 1994లో మొదలైన గ్రాండ్ కామిక్స్ డేటాబేస్. రెండూ వాలంటీర్లు నడిపేవే. పెన్సిల్, ఇంక్, రంగులు విడివిడిగా ఇస్తారు. పేరు పక్కన ప్రశ్నార్థకం ఉంటే అది శైలిని బట్టి చేసిన ఊహ. ఆ గుర్తు వదిలేసి పేరు మాత్రం ఎత్తి రాసుకోవడం వల్లే సగం తప్పుడు సమాచారం పుడుతుంది. బార్క్స్ విషయంలో మన అదృష్టం ఏమిటంటే, ఏ పని ఎప్పుడు పంపాడో, ఎంత డబ్బు వచ్చిందో ఆయన స్వయంగా లెక్క రాసుకున్నాడు. అలాంటి కాగితం ముందు మన కంటి అంచనా నిలబడదు.

పాఠకుల కన్ను ఏం చేయగలదో చెప్పడానికి కూడా ఆయన కథే ఉంది. పేరు తెలియని రోజుల్లో పిల్లలు ఆయన్ని 'మంచి బాతుల ఆర్టిస్టు' అని గుర్తుపెట్టుకున్నారు. గీతని బట్టి ఏ కథ ఆయనదో ఏది కాదో పోల్చుకున్నారు. 1960లో జాన్ స్పైసర్ అనే అభిమాని రాసిన ఉత్తరం ఆయనకి చేరింది. అప్పటికి ఆయన కామిక్స్‌లో బాతుల్ని గీస్తూ దాదాపు 18 ఏళ్లు.

నోట్‌బుక్‌లో పేరు ఎక్కించేటప్పుడు, అది ఎలా తెలిసిందో పక్కనే రాయండి: సంతకమా, రికార్డా, శైలిని బట్టి ఊహా. నా నోట్‌బుక్‌లో ఒక వరస ఇలా ఉంటుంది: 'పెన్సిల్, ఇంక్: వాల్ట్ కెల్లీ, శైలిని బట్టి. కలర్ గైడ్: తెలియదు. సెపరేషన్: వెస్టర్న్ సిబ్బంది, పేర్లు తెలియవు.' తెలియదు అని రాయడానికి మొహమాటపడకండి. గడి ఖాళీగా ఉంటే రేపు ఎవరైనా నింపుతారు. ఊహించిన పేరుతో నింపేస్తే అసలు పనిచేసినవారికి ఇక చోటుండదు.

కొత్త ఆధారం ఏదైనా దొరికితే డేటాబేస్ వాళ్లకి పంపండి. అట్టని 600 డీపీఐలో స్కాన్ చేయండి, చుక్కలు విడివిడిగా కనబడాలి. స్కానర్‌లో రంగులు సరిచేసే ఆప్షన్లన్నీ ఆపేయండి. సంతకం లాంటిది కనబడితే ఆ మూలని విడిగా, మొదటి పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాలని విడిగా జతచేయండి.